మోరి పిలిస్తే మన్యం ఆడుతుంది

మన్యంలో కచేరీకి వాల్‌పోస్టరు ఉండదు. టికెట్టు ఉండదు, ముందు వరుసలో వీఐపీ కుర్చీలూ ఉండవు. దిసారి తిథీ వారమూ చూసి పండుగ ఏ రోజో చెబుతాడు. ఊరి పెద్ద నాయుడు సరేనంటాడు. బారిక ఇంటింటికీ వినబడేలా కేక వేస్తాడు. అక్కడితో ప్రచారం పూర్తయినట్టే. ఆ రాత్రి ఊరి నడుమ మంట లేస్తుంది. తుడుం మోగుతుంది, మోరి అందుకుంటుంది. చుట్టుపక్కల గూడేల జనం ఆ మోత విని దారి పడతారు.

అరకు అనగానే మనకు కాఫీ, బొర్రా గుహలు, పచ్చగా విరగబూసిన వలిసె చేలు గుర్తొస్తాయి. ఆ వెంటనే థింసా. నడుముల వెనక చేతులు పెనవేసుకుని, చీలమండలకు పైగా చీర కట్టి, ఒక్కటిగా ఊగుతూ కదిలే పదిహేను ఇరవై మంది ఆడవాళ్లు. క్యాలెండర్లలో, టూరిజం ప్రకటనల్లో, పర్యాటకుల ఫోన్లలో ఉండే బొమ్మ అదే. ఆ బొమ్మలో పడకుండా పక్కన మిగిలిపోయేవాళ్లు నలుగురైదుగురు ఉంటారు. ఒకరి నోట మోరి, ఒకరి నడుముకు తుడుం, ఒకరి చంకలో డప్పు. అడుగు ఎప్పుడు మారాలో, వరుస ఎటు తిరగాలో, ఎక్కడ జోరు పెంచాలో చెప్పేది వాళ్లే. తూర్పు కనుమల్లో సంగీతం ఎలా ఉందని అడిగేవాళ్లు ముందు వినాల్సింది వాళ్లని.

నిప్పు సెగే శ్రుతి

థింసా మేళంలో మోరి, కిరిడి, తుడుం, డప్పు, జోడుకొమ్ములు ఉంటాయి. మోరి సన్నాయి జాతి వాద్యం. చెక్క గొట్టం, చివర లోహపు గరాటు, నోటి దగ్గర చిన్న పీక. చూడ్డానికి మూరెడు కూడా లేని పీకబూర, ఊదితే పక్క కొండకు వినిపిస్తుంది. చేయి తిరిగిన మోరిగాడు ఊపిరి తీసుకోవడానికి పాట ఆపడు. బుగ్గల్లో గాలి నిలబెట్టి ముక్కుతో పీల్చుకుంటాడు. వినేవాళ్లకు ఎక్కడా తెగినట్టు తెలియదు. పాట గుక్క తిప్పుకోకుండా సాగుతున్నంతసేపూ ఆడేవాళ్లకూ ఆగాలనిపించదు.

తుడుం, డప్పు తోలు వాద్యాలు. ఇక్కడి చలికీ మంచుకీ తోలుకీ పడదు. అరకులోయ సముద్రమట్టానికి 900 మీటర్లకు పైనే ఉంటుంది. డిసెంబరు, జనవరి రాత్రుల్లో గాలిలోని తేమను తోలు పీల్చుకుని వదులవుతుంది, మోత చచ్చుబడుతుంది. అందుకే ఆటకు ముందు వాయిద్యాలన్నీ మంట చుట్టూ చేరతాయి. డప్పును సెగకు చూపిస్తూ గుండ్రంగా తిప్పుతారు. మధ్యమధ్యలో తీసి వేలి కొసతో కొట్టి వింటారు. 'బద్'మంటే ఇంకా కాగాలి. 'ఖణ్'మంటే చాలు. ఎక్కువ కాగితే తోలు చిట్లుతుంది, తక్కువ కాగితే తొలి వరుసలోనే నీరసపడుతుంది. సెగ ఎంతసేపు చాలో చెప్పే కొలత ఏదీ లేదు. చెవే కొలత. ఆట నడుమ అరగంటకోసారి ఒక డప్పు పక్కకు తప్పుకుని మంట దగ్గరికి వెళ్లి వస్తుంది. ఆ లోటు తెలియకుండా మిగతావాళ్లు సర్దుకుంటారు.

ఈ విద్యకు రాతప్రతి లేదు. స్వరం రాసుకోవడం లేదు, పాఠం ఒప్పజెప్పడం లేదు. నాన్న పక్కనో మేనమామ పక్కనో నిలబడి మొదట డప్పు పట్టుకోవాలి. నాలుగు పండుగలు గడిచాక తుడుం చేతికొస్తుంది. మోరి చివర్న వస్తుంది, కొందరికి ఎప్పటికీ రాదు. ఆటలో అన్ని తెగలవాళ్లూ కలిసినా చాలా ఊళ్లలో వాద్యం వాల్మీకి తెగవాళ్ల చేతిలోనే ఉంటూ వచ్చింది. కాబట్టి ఒక ఊరి పండుగకు మేళం కావాలంటే పక్క ఊరికి కబురు వెళ్తుంది. బాగా ఊదేవాడికి పండుగల నెలలో తీరిక ఉండదు.

ఒక వలయం, ఎన్నో భాషలు

బగతలు, కొండదొరలు, పోర్జాలు, గదబలు, కోటియాలు, వాల్మీకులు, కోదులు... థింసా ఫలానా తెగదని చెప్పడానికి వీల్లేదు. అరకు, అనంతగిరి, డుంబ్రిగూడ, పెదబయలు, ముంచంగిపుట్టు, ఆ పైన ఒడిశాలోని కొరాపుట్ దాకా ఇది అందరి ఆట. కోదుల కువి, కొండదొరల కూబి ద్రావిడ భాషలు. గదబల్లో కొందరు మాట్లాడే గుతోబ్ ముండా కుటుంబానిది. తెగల మధ్య ఉమ్మడి మాటగా నడిచే ఆదివాసీ ఒడియా ఆర్యభాషా కుటుంబానిది. తెలుగు ఎలాగూ ఉంది. మూడు భాషా కుటుంబాల మనుషులు ఒకే తాళానికి అడుగు కలిపే చోట్లు దేశంలో ఎక్కువ లేవు. భాషాశాస్త్రవేత్త భద్రిరాజు కృష్ణమూర్తి ఈ కొండల్లోనే తిరిగి కొండదొరల భాష మీద పని చేశారు. ఆయన 'కొండ ఆర్ కూబి' పుస్తకం 1969లో వచ్చింది. అంతకు చాలా ముందే, దక్షిణ భారత కులాలు, తెగల మీద 1909లో వెలువడిన ఎడ్గర్ థర్‌స్టన్ సంపుటాల్లో గదబ స్త్రీల నారబట్టలూ నగలూ ఆటా నమోదయ్యాయి. ఆటను, కట్టును, మాటను రాసుకున్నవాళ్లు ఉన్నారు. మోరి మీద పలికే వరుసలను అంత శ్రద్ధగా రాసుకున్నవాళ్లు అరుదు.

థింసా ఒకే ఆట కాదు, కనీసం ఎనిమిది రకాలు ప్రసిద్ధం. బోడా థింసా గ్రామదేవతకు మొక్కే ఆట, వేడుక దానితోనే మొదలవుతుంది. గుందేరి థింసాలో, దాన్నే ఉస్కు అనీ అంటారు, ఒక మగవాడు పాట పాడుతూ ఆడవాళ్లను ఆటకు పిలుస్తాడు. గొడ్డిబేట థింసాలో నడుం వంచుతూ లేస్తూ పాతిక అడుగులు ముందుకు వెళ్లి, అలాగే వెనక్కి వస్తారు. నాలుగైదుసార్లు అదే తంతు. పొతార్ తోలా థింసా అడవిలో ఆకు కోతకు అభినయం. బాగ్ థింసా పులి నుంచి తప్పించుకునే ఒడుపును చూపిస్తుంది. కుందా థింసాలో ఆడేవాళ్లు లయ తప్పకుండా భుజాలతో ఒకరినొకరు నెట్టుకుంటారు. నాటికారి థింసా ఒంటరి ఆట, వాల్మీకులు దీపావళికి ఆడతారు. దేవత పూనినప్పుడు ఊరి మంత్రగాడు ఆడేది బాయా థింసా.

ఈ ఎనిమిదింటికీ నడక వేరు. కోతకు అభినయించేటప్పుడు తాళం నింపాదిగా ఉంటుంది, పులి వచ్చేసరికి బిగుస్తుంది. ఏ ఆట తర్వాత ఏ ఆట అనేది ముందే రాసిపెట్టుకున్న వరుసేమీ కాదు. మోరిగాడు రాగం మార్చగానే తుడుం దాన్ని పట్టుకుంటుంది, వరుసకు ముందున్న మనిషి నెమలి ఈకల కట్ట ఎత్తుతుంది, అడుగు మారిపోతుంది. ఎవరూ ఎవరికీ నోరు తెరిచి చెప్పరు. వలయంలో చివరి అమ్మాయికి ఆ మార్పు అందడానికి ఒక ఆవృత్తం కూడా పట్టదు.

నది వెంట పాట మారుతుంది

ఈ సంగీతానికి పటం గీయాలంటే రోడ్ల కంటే నది మేలు. మాడుగుల కొండల్లో పుట్టిన మాచ్‌ఖండ్‌ పాడేరు మన్యం మీదుగా వెళ్లి, ఆంధ్ర–ఒడిశాల నడుమ హద్దుగా మారి, సీలేరు పేరుతో దక్షిణానికి దిగుతుంది. సీలేరు శబరిలో, శబరి కూనవరం దగ్గర గోదావరిలో కలుస్తాయి. దారి పొడవునా ఈ నీటిని కరెంటుకు కట్టేశారు. మాచ్‌ఖండ్‌లో 120 మెగావాట్లు, ఎగువ సీలేరులో 240. ఆ తర్వాత డొంకరాయి ఆనకట్ట, దానికి 25 మెగావాట్ల కేంద్రం. అక్కడి నుంచి కాలువలో సాగిన నీరు పొల్లూరులో దిగువ సీలేరు టర్బైన్లను తిప్పుతుంది. ఆ కేంద్రాన్ని 460 మెగావాట్లతో కట్టారు.

విశాఖ నుంచి చింతపల్లి, సీలేరు మీదుగా భద్రాచలం వెళ్లే ఘాట్ దారిలో డొంకరాయి ఒక మజిలీ. ప్రాజెక్టు కాలనీ, రిజర్వాయరు, చుట్టూ దట్టమైన అడవి. పర్యాటకులు ఇక్కడ జలాశయం చూసి, ఫొటో తీసుకుని వెళ్లిపోతారు. చెవి పెట్టేవాళ్లకు మాత్రం ఇది సంగీతానికి సరిహద్దు ప్రాంతం. ఎగువన గూడెంకొత్తవీధి, సీలేరు వైపు కొండదొరలు, బగతలు, కోదుల ఊళ్లు. అక్కడ థింసా ఒరవడి. దిగువకు దిగేకొద్దీ కొండరెడ్ల గూడేలు, మోతుగూడెం దాటి చింతూరు చేరేసరికి కోయల ఊళ్లు. మోరి మోత పలచబడి, డోలు మోత చిక్కబడుతుంది. హద్దు గీత గీసినట్టేమీ ఉండదు. ఒకే పెళ్లిలో రెండు రకాల మేళాలూ వినిపించవచ్చు.

కొండరెడ్లకు కొత్తల పండుగలు ముఖ్యం. మామిడి పండుగ జరగనిదే కొత్త మామిడికాయ నోట పెట్టరు. ఆ రాత్రుళ్లు ఆడామగా చేతులు పట్టుకుని డోలు దరువుకు తిరుగుతూ పాడతారు. 1940లలో ఈ కొండల్లో మకాం వేసిన మానవశాస్త్రవేత్త హైమెన్‌డార్ఫ్ వాళ్ల జీవితాన్ని 'ది రెడ్డీస్ ఆఫ్ ది బైసన్ హిల్స్' పేరుతో 1945లో గ్రంథస్థం చేశారు.

కోయల కొమ్ము ఆట మరో లోకం. మగవాళ్లు అడవిదున్న కొమ్ములు, నెమలి ఈకలు కట్టిన తలపాగాలు పెట్టుకుని, పొడవాటి డోళ్లు మెడకు తగిలించుకుని దిగుతారు. దున్నపోతులు తలపడ్డట్టు ఎదురెదురుగా వంగి కుమ్ముకుంటూనే దరువు తప్పకుండా వాయిస్తారు. ఆడవాళ్లు వరుసగా నిలబడి రేలపాట ఎత్తుకుంటారు. థింసాలో ఆడేవాళ్లు వేరు, వాయించేవాళ్లు వేరు. కొమ్ము ఆటలో వాయించేవాడే ఆటగాడు. నది వెంట వంద కిలోమీటర్ల దూరంలో సంగీతానికీ ఆటకూ ఉన్న చుట్టరికం ఇంతగా మారిపోతుంది.

జాజ్ ఎక్కడ, జాకర ఎక్కడ

అమెరికాలోని న్యూ ఆర్లీన్స్ నగరపాలకులు 1817లో ఒక ఉత్తర్వు తెచ్చారు. బానిసలుగా ఉన్న ఆఫ్రికన్లు ఆదివారాలు ఒకే ఒక్క చోట గుమికూడవచ్చని దాని సారాంశం. ఆ చోటికే కాంగో స్క్వేర్ అని పేరు పడింది. అక్కడ వాళ్లు డోళ్లు వాయించారు, వలయాలుగా తిరిగారు, ఒకరు పాట ఎత్తుకుంటే గుంపు అందుకుంది. ఆ ఊళ్లోనే తర్వాతి కాలంలో జాజ్ పుట్టింది. జాజ్ వేళ్లు వెతికే చరిత్రకారులు కాంగో స్క్వేర్‌ను తలవకుండా ముందుకు వెళ్లరు.

జాకర దేవత పండుగలో మోరి ఊదే మనిషికీ న్యూ ఆర్లీన్స్ బ్యాండుకూ రక్తసంబంధం ఏమీ లేదు. పని తీరు మాత్రం దగ్గరగా ఉంటుంది. రాసిపెట్టిన పాట ఉండదు, అందరికీ తెలిసిన వరుస ఒకటి ఉంటుంది. దాని మీద ఆ రాత్రి, ఆ జనం, ఆ ఊపును బట్టి అల్లుకుంటూ పోతారు. ఒకరు ముందుకొస్తే మిగతావాళ్లు కాస్త తగ్గి దారి ఇస్తారు. నిన్న ఊదినట్టు ఇవాళ ఊదితే వినేవాళ్లకు తెలిసిపోతుంది.

అలాంటి సంగీతాన్ని వినడం తెలిసిన శ్రోతలు మనవాణ్ని ఒకణ్ని గుర్తుపట్టారు కూడా. 1969లో పాలకొల్లులో పుట్టిన ఉప్పలపు శ్రీనివాస్ 1983లో, పద్నాలుగేళ్ల వయసులో, బెర్లిన్ జాజ్ ఉత్సవంలో మాండొలిన్ మీద కర్ణాటక సంగీతం వాయించాడు. తర్వాత గిటారిస్టు జాన్ మెక్‌లాఫ్లిన్ 'రిమెంబర్ శక్తి' బృందంలో ప్రపంచమంతా తిరిగాడు. ఒక తెలుగు కుర్రవాడి మనోధర్మాన్ని జాజ్ వేదిక నెత్తిన పెట్టుకుంది.

జాజ్ దగ్గర మనం నేర్చుకోవాల్సిన మర్యాద ఒకటుంది. అక్కడ వాయించినవాడి పేరు పోదు. రికార్డు అట్ట మీద ట్రంపెట్ ఎవరిది, డ్రమ్స్ ఎవరివి, బేస్ ఎవరిది అని అచ్చువేస్తారు. కచేరీ నడుమ నాయకుడు ఒక్కొక్కరి పేరూ పిలిచి చప్పట్లు కొట్టిస్తాడు. మన వేదికల మీద మాత్రం ఫ్లెక్సీపై 'గిరిజన సంప్రదాయ థింసా నృత్యం' అని మాత్రమే ఉంటుంది. మోరి ఊదింది ఎవరో, ఏ ఊరివాడో రాసి ఉండదు. అతిథుల పేర్లకు నాలుగు వరుసలు ఉంటాయి.

వేదిక థింసా, వీధి థింసా

అరకుకు జనం తాకిడి రైలుతో మొదలైంది. బైలదిల్లా ఇనుప ఖనిజాన్ని విశాఖ రేవుకు తేవడానికి 1960లలో కొత్తవలస–కిరండూల్ మార్గం వేశారు. 58 సొరంగాల గుండా కొండెక్కే ఆ దారి క్రమంగా పర్యాటక ఆకర్షణ అయింది. 2017లో అద్దాల బోగీ వచ్చింది. వారాంతం వచ్చిందంటే రిసార్టులు నిండిపోతాయి, సాయంత్రం క్యాంప్‌ఫైర్ పక్కన థింసా తప్పనిసరి అయింది.

దీన్ని తీసిపారేయడానికి లేదు. పర్యాటకం వల్లే చాలా ఊళ్లలో బృందాలు కట్టారు, ఆట పేరు కొండ దిగింది, కొద్దో గొప్పో రొక్కం చేతికొస్తోంది. పండుగకు మాత్రమే బయటికి తీసే మోరి ఇప్పుడు వారం వారం పలుకుతోంది. కానీ వేదిక మీద థింసా కొద్ది నిమిషాల ముచ్చట. ఎనిమిది రకాల్లోంచి రెండు మూడు ముక్కలు, ఫొటోకు బాగుండే వలయం, చివర్లో చూసేవాళ్లు కూడా చేయి కలిపి నాలుగు అడుగులు వేయడం, అంతే. మన్యానికి వచ్చిన నాయకులు కూడా ఆ నాలుగు అడుగులూ వేసి వెళ్తారు. మోరిగాడికి రాగం విస్తరించే వ్యవధి ఉండదు. ఊళ్లో తెల్లవార్లూ సాగే ఆటలో మూడో జాములో ఊపందుకునే వరుసలు కొన్ని ఉంటాయి. అరగంట కార్యక్రమంలో ఆ మూడో జాము రాదు.

రెండో పోటీ ఊళ్లోంచే వచ్చింది. పెళ్లికి డీజే బాక్సులు వచ్చాయి. నాలుగు బాక్సులు మోగుతుంటే పక్కన మోరి ఊదడం వృథా ప్రయాస. ఫోన్లలో, యూట్యూబ్‌లో ఆదివాసీ ఒడియా పాటలు జోరుగా నడుస్తున్నాయి. కీబోర్డు, రిథమ్ ప్యాడు మీద థింసా దరువు కట్టి, కొండల్లో చిత్రీకరించి వదులుతున్నారు. కుర్రకారు మాతృభాషలో పాటలు కట్టడం మంచిదే. అయితే ప్యాడు మీద పలికే తుడుం ఎప్పుడూ ఒకేలా పలుకుతుంది. నిజమైన తుడుం చేతికి తెలిసిన సెగను బట్టి, పక్కన ఆడేవాళ్ల అలసటను బట్టి మారుతుంది.

మూడోది బతుకుతెరువు. మేళం పండుగల నెలల్లోనే కూడు పెడుతుంది. మిగతా రోజుల్లో పోడు, కాఫీ తోట, కూలి. పిల్లలు హాస్టల్లో చదువుకుంటున్నారు. నాన్న పక్కన నిలబడి నేర్చుకునే నాలుగు పండుగలు వాళ్లకు దొరకడం లేదు. గురుకులాల్లో థింసా నేర్పుతున్నారు, వార్షికోత్సవాల్లో పిల్లలు ముచ్చటగా ఆడుతున్నారు. పాట ఎక్కువగా స్పీకర్లోంచి వస్తుంది. ఆడేవాళ్లు తయారవుతున్నారు, ఊదేవాళ్లు తయారుకావడం లేదు.

వాద్యకారుడికి గుర్తింపు వస్తే ఎంత తేడా ఉంటుందో దిగువ గోదావరి లోయ చూపించింది. మణుగూరు మండలానికి చెందిన డోలి కోయ కళాకారుడు సకిని రామచంద్రయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. డోలు వాయిస్తూ కోయ వీరుల గాథలు, సమ్మక్క–సారలమ్మ కథ పాడగలిగిన అతి కొద్దిమందిలో ఆయన ఒకరు. ఆ పురస్కారంతోనే డోలి కోయలనే వాళ్లు ఉన్నారని చాలామంది తెలుగువాళ్లకు తెలిసింది. 2024లో ఆయన కన్నుమూశారు. థింసా మేళంలోంచి అలా పేరు చెప్పి పిలవగలిగిన ఒక్క మోరి విద్వాంసుణ్ని కూడా మైదానంలోని శ్రోత గుర్తుచేసుకోలేడు.

ఎప్పుడు, ఎక్కడ వినాలి

థింసా చూడ్డానికి డిసెంబరు మంచిదని ట్రావెల్ ఏజెంట్లు చెబుతారు. వినడానికైతే చైత్రం మంచిది. ఏడాది పొడవునా మన్యంలో మేళం మోగే సందర్భాలు ఇవి.

నవంబరు: కొరాపుట్‌లో 'పరబ్' ఉత్సవాలు. అరకు మీదుగా వెళ్లే కిరండూల్ రైలే అక్కడికీ చేరుస్తుంది. సరిహద్దుకు అవతలివైపు థింసా నడక ఎలా ఉంటుందో పోల్చుకోవచ్చు. దీపావళి రోజుల్లో మన వైపు వాల్మీకుల ఊళ్లలో నాటికారి థింసా.

జనవరి: కాఫీ పండ్ల కోత ముగింపుకొస్తుంది, చేతిలో నాలుగు డబ్బులు ఆడతాయి. సంక్రాంతి నాటి పుష్య పండుగకు ఊరూరా మేళాలు. చలికాలంలో ప్రభుత్వం తరఫున అరకులో ఉత్సవం జరిగే ఏడాది జనవరి, ఫిబ్రవరి నడుమ తేదీలు ప్రకటిస్తారు. ఇతర రాష్ట్రాల గిరిజన బృందాలను ఒకే చోట చూసే అవకాశం అది.

మహాశివరాత్రి: పాడేరు సమీపంలో మాచ్‌ఖండ్‌ ఒడ్డున మత్స్యగుండం జాతర. కొండల మీంచి కాలినడకన దిగే జనంతో పాటు మేళాలూ దిగుతాయి.

మార్చి, ఏప్రిల్: ఇటుకల పండుగ. ఏడాదిలో అసలైన సంగీతకాలం ఇదే. విత్తనాలకు పూజ చేస్తారు. మగవాళ్లు వేటకు వెళ్తారు. ఉత్తచేతులతో తిరిగొస్తే ఆడవాళ్లు పేడనీళ్లు చల్లి ఆటపట్టిస్తారు. ఆడవాళ్లు రోడ్డుకు అడ్డంగా గడ కట్టి, పాట పాడి, వాహనాల వాళ్ల దగ్గర పండుగ మామూలు వసూలు చేస్తారు. విసుక్కోకుండా బండి దిగి ఆ పాట వినండి. మైకు లేకుండా, వేదిక లేకుండా దొరికే కచేరీ అది. రాత్రయితే థింసా, తెల్లవార్లూ. ఏ ఊళ్లో ఏ రోజో అచ్చులో దొరకదు. అరకు, డుంబ్రిగూడ, హుకుంపేట వైపు సంతల్లో అడిగితే చెబుతారు.

మే: పాడేరులో మోదకొండమ్మ జాతర, మూడు రోజులు. మన్యం మొత్తంలో ఇంత పెద్ద జనసందోహం మరొకటి లేదు. మైకుల హోరు దాటి లోపలికి వెళ్తే అసలు మేళాలు కనిపిస్తాయి. అదే వేసవిలో డొంకరాయి దిగువన, రంపచోడవరం, చింతూరు కొండల్లో కొండరెడ్ల మామిడి పండుగలు.

ఆగస్టు 9: ప్రపంచ ఆదివాసీ దినోత్సవం. పాడేరు, రంపచోడవరం, చింతూరు ఐటీడీఏ కేంద్రాల్లో ర్యాలీలు, సభలు. థింసా, కొమ్ము ఆట ఒకే రోజు చూడదలచినవాళ్లకు ఇది వీలు.

డొంకరాయి వైపు వెళ్లేవాళ్లకు చిన్న జాగ్రత్త. ఘాట్ దారిలో ఫోన్ సిగ్నల్ అందని చోట్లు చాలా ఉన్నాయి, రాత్రి బస సీలేరులోనో చింతూరులోనో ముందే చూసుకోవడం మంచిది. ఊళ్లో పండుగ జరుగుతుంటే పెద్దను అడిగి లోపలికి వెళ్లాలి. దేవత దగ్గర ఆడే బోడా థింసాను ఫోన్లో బంధించే ముందు మరోసారి అడగాలి. 'మా కోసం ఒకసారి ఆడండి' అని డబ్బు చూపించడం పండుగ నాడు మర్యాద కాదు.

ఇక పర్యాటక శాఖకు, ఐటీడీఏలకు, రిసార్టుల యజమానులకు చెప్పాల్సింది. థింసా బృందానికి ఇచ్చే మొత్తంలో మేళగాళ్లకు వేరుగా, ఎక్కువగా వాటా పెట్టండి. గురుకులాల్లో ఆట నేర్పే మనిషితో పాటు మోరి నేర్పే పెద్దమనిషిని కూడా నియమించండి. ఆయనకు డిగ్రీ ఉండదు, అడగకండి. వచ్చే ఉత్సవానికి వేసే ఫ్లెక్సీ మీద అతిథుల వరుస ఒకటి తగ్గించి, మోరి ఎవరిది, తుడుం ఎవరిది, ఏ ఊరు అన్నది రాయించండి.

చూడ్డానికి వెళ్లే మీరు చేయగలిగింది ఇంకా తేలిక. ఆట అయ్యాక వరుసతో ఫొటో దిగేముందు పక్కకు వెళ్లి, మోరి ఊదినాయన పేరు, ఊరు అడగండి. ఫొటో పెట్టే చోట ఆ పేరు కూడా రాయండి.